పానకాలరావు నిద్రకు ఇన్‌ఛార్జి

పానకాలరావుకు నిద్ర పట్టడం మానేసింది. మానేయడానికి ఒక కారణం ఉండాలి కదా, ఏ అప్పుల బాధో, ఏ కోర్టు కేసో, పోనీ పక్కింటి కుక్కో. అలాంటిదేమీ లేదు. వానాకాలంలో జ్వరం వచ్చింది. ఆ జ్వరంతో నాలుగైదు రాత్రులు జాగారం చేశాడు. జ్వరం తగ్గింది, జాగారం తగ్గలేదు. ఈ రాత్రి కూడా పట్టదేమోనని భయం పుట్టింది, ఆ భయానికి నిజంగానే పట్టలేదు, పట్టనందుకు మర్నాడు ఆ భయం ఇంకాస్త ముదిరింది. చివరికి మంచం కనబడితే చాలు, పళ్ల డాక్టరు కుర్చీ కనబడ్డట్టు గుండె దడదడలాడేది.

ఇంటావిడ మాణిక్యం తనకు చేతనైనవన్నీ చేసింది. గసగసాలు నూరి పాలల్లో కలిపి ఇచ్చింది. మాడుకు ఆముదం పెట్టింది. అరికాళ్లకు నెయ్యి రాసింది. ఆ నెయ్యికి చీమలొచ్చాయి గానీ నిద్ర రాలేదు. ఇక వీధిలో వాళ్ల సలహాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకాయన మంచం తూర్పుకు తిప్పమన్నాడు, ఇంకొకాయన దక్షిణానికి తిప్పమన్నాడు. అందరి మాటా మన్నించేసరికి ఆ మంచం గది మధ్యలో ఐమూలగా ఆగిపోయి, అటూ ఇటూ తిరిగే వాళ్ల మోకాళ్లు పగలగొట్టడం మొదలుపెట్టింది. "ఊరికే కళ్లు మూసుకోండి, అదే వస్తుంది" అని చెప్పినవాళ్లకు లెక్కే లేదు. అలా చెప్పి వాళ్లు ఇంటికెళ్లి హాయిగా గుర్రుపెట్టేవాళ్లు. వాళ్లలో ఒక్కొక్కర్నీ పానకాలరావు మనసులోనే పీక పిసికేవాడు. స్వతహాగా చాలా మంచి మనిషి, నిద్రలేక అలా అయ్యాడు.

ఆయన పని చేసేది తుంగ చాపల అభివృద్ధి సంస్థలో, అకౌంట్స్ సెక్షన్ సూపరింటెండెంటుగా. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క తప్పు చేసి ఎరగడు. అలాంటిది నెల్లూరు వెళ్లాల్సిన చాపల లారీని నల్గొండకు పంపించాడు. కాఫీలో ఉప్పు వేసుకుని సగం తాగాక గానీ తెలుసుకోలేదు. ఒకరోజు స్కూటరు మీద వస్తూ సిగ్నల్ దగ్గర ఆగాడు. పచ్చ లైటు పడింది, మళ్లీ ఎర్ర లైటు పడింది, మళ్లీ పచ్చ లైటు పడింది, ఈయన కదల్లేదు. వెనక ఆటోవాళ్లు ఆయన వంశం మొత్తాన్ని తలుచుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి గడప మీదే కూలబడి, "నాకు పిచ్చెక్కుతుందేమోనే" అన్నాడు. మాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఒక్కటంటే ఒక్క రాత్రి కంటినిండా నిద్ర. ఆయన కోరుకున్నది అంతకు మించి ఏమీ లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సంస్థకు నిద్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఎండీ హైమావతి గారు ఏదో కొండ మీద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్లొచ్చారు. ఆవిడ సదస్సుకు వెళ్లొచ్చినప్పుడల్లా సిబ్బందికి కొత్త కష్టం రావడం మామూలే. కిందటేడు వెళ్లొచ్చి అందర్నీ నిలబడి పని చేయమన్నారు. అంతకు ముందేడు వెళ్లొచ్చి నవ్వమన్నారు. రోజూ కాఫీ వేళకు వరండాలో బారుగా నిలబడి అందరూ నవ్వేవాళ్లు, సెలవులో ఉన్నవాళ్లు వచ్చాక ఆ బాకీ కూడా నవ్వేవాళ్లు. ఈ ఏడాది నిద్ర వంతు వచ్చింది. సర్క్యులర్ ఇలా దిగింది: "చాప అనునది నిద్రకు సాధనము. అట్టి సాధనమును విక్రయించు సంస్థ యొక్క సిబ్బందియే నిద్రయందు వెనుకబడి యుండుట సంస్థ ప్రతిష్ఠకు భంగకరము. కావున ఇందుమూలముగా నిద్రను అధికారిక విధిగా పరిగణించడమైనది."

అందరి చేతులకూ పట్టీలు కట్టారు. ఎవరు ఎంతసేపు నిద్రపోయారో ఆ పట్టీ పొద్దున్నే హెడ్డాఫీసుకు చాడీ చెప్పేస్తుంది. ప్రతి సెక్షన్‌కూ ఒక లక్ష్యం, నెలనెలా నిద్ర సమీక్షా సమావేశం. పాపం పానకాలరావు సంతోషపడ్డాడు. ఇన్నాళ్లకు తన బాధ పట్టించుకునే దిక్కు దొరికిందనుకుని, పర్సనెల్ మేనేజరు దైవాధీనం గారి గదికి వెళ్లాడు.

దైవాధీనం గారు మాట్లాడుతుంటే ఫైలు చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో భోజనానికి కూర్చుని కూడా "పప్పు విషయమై తగు చర్య గైకొనవలెను" అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు. పానకాలరావు తన గోడంతా వెళ్లబోసుకుని, పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి ఒక్కరోజు సెలవు అడిగాడు. ఆయన సానుభూతిగా విన్నారు. విని, అభ్యర్థన పరిశీలించదగినదే అన్నారు. అయితే నిద్ర ఇప్పుడు అధికారిక విధి కనుక, విధిని నిర్వర్తించలేకపోవడం జబ్బు కిందికి రాదనీ, నిర్లక్ష్యం కిందికి వస్తుందనీ, నిర్లక్ష్యానికి వైద్యపు సెలవు ఇచ్చే నిబంధన ఎక్కడా లేదనీ వివరించారు.

"నిర్లక్ష్యం కాదండీ. నేను రోజూ పడుకుంటానే ఉన్నా. అదే రావట్లా" అన్నాడు పానకాలరావు.

దైవాధీనం గారు ఒక కాగితం తీసుకుని "ప్రయత్న లోపము" అని రాసుకున్నారు. మర్నాటికి మెమో వచ్చింది.

ఇక చూసుకోండి. అంతకు ముందు నిద్ర పట్టకపోతే నిద్ర ఒక్కటే పట్టేది కాదు. ఇప్పుడు పట్టకపోతే సెక్షన్ పరువు పోతుంది, ఇంక్రిమెంటు ఆగుతుంది. పడుకున్నంతసేపూ ఆ పట్టీ చిన్న ఆకుపచ్చ లైటు వేసుకుని ఆయన్ని చూస్తుండేది, ఆయన దాన్ని చూస్తుండేవాడు. అంతకు ముందు తెల్లవారుజామునైనా కాస్త కునుకు తగిలేది, ఆ కాస్తా పోయింది.

నెల తిరిగేసరికి సమీక్ష వచ్చింది. లక్ష్యాన్ని దాటి నిద్రపోయినందుకు మార్కెటింగ్ వాళ్లకు అందరూ చప్పట్లు కొట్టారు. స్టోర్స్ వాళ్లు ఆశాజనకంగా ఉన్నారు. అకౌంట్స్ దగ్గరికి వచ్చేసరికి ఎండీ గారి ముఖం ముడుచుకుపోయింది. ఒక్క మనిషి వల్ల సంస్థ సగటు ఇంతలా పడిపోతుంటే పర్సనెల్ విభాగం ఏం చేస్తోందని అడిగారు. దైవాధీనం గారు లేచి నిలబడ్డారు. పరిష్కారం ఆయన దగ్గర సిద్ధంగా ఉంది.

మన ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. ఒక సీటు ఖాళీ అయితే ఆ సీటు పని పక్క సీటాయన నెత్తిన పెడతారు. ఆయన్ని ఇన్‌ఛార్జి అంటారు. క్యాంటీన్ చూసే ఆయన్ని లీగల్ సెక్షన్‌కు ఇన్‌ఛార్జిగా వేస్తారు, లీగల్ ఆయన్ని తోటపనికి ఇన్‌ఛార్జిగా వేస్తారు. వేశాక ఆ పని జరిగిందా లేదా అని ఎవరూ అడగరు, ఇన్‌ఛార్జి ఉన్నాడు కదా. మరి ఒక మనిషి తన నిద్ర తాను పోలేకపోతున్నప్పుడు ఆ నిద్రకు మాత్రం ఇన్‌ఛార్జిని ఎందుకు వేయకూడదు? సమావేశంలో ఒక్కరికి కూడా ఎందుకు వేయకూడదో తోచలేదు.

ఇన్‌ఛార్జిగా రికార్డ్స్ సెక్షన్ పరబ్రహ్మాన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. అంతకన్నా అర్హుడు రాష్ట్రంలోనే లేడు. కుర్చీలో నిద్రపోతాడు, నిలబడి నిద్రపోతాడు, ఒకసారి జెండా వందనంలో సెల్యూట్ పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంచి నిద్రపోయాడు. ఉత్తర్వు వెలువడింది: "శ్రీ పానకాలరావు యొక్క నిద్రకు సంబంధించిన పూర్తి అదనపు బాధ్యతలను శ్రీ పరబ్రహ్మమునకు అప్పగించడమైనది. శ్రీ పానకాలరావు తక్షణమే సదరు విధి నుండి రిలీవ్ కావలెను. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు సదరు విధిని ఎట్టి పరిస్థితులలోను నిర్వర్తించరాదు."

"అంటే నేను నిద్రపోకూడదాండీ?" అని పానకాలరావు అడిగాడు.

"ఒకే పోస్టులో ఇద్దరు ఎలా పని చేస్తారండీ?" అన్నారు దైవాధీనం గారు.

ఛార్జి అప్పగించే కార్యక్రమం ఘనంగా జరిగింది. పానకాలరావు ఇంటి నుంచి తలగడ, దుప్పటి తెచ్చాడు. దూది కాస్త గడ్డకట్టిందన్న సంగతి రాసుకుని మరీ పరబ్రహ్మం వాటిని స్వాధీనం చేసుకున్నాడు. పానకాలరావు చేతి పట్టీ విప్పి పరబ్రహ్మం రెండో చేతికి కట్టారు. దండ వేశారు, టీ, బిస్కెట్లు ఇచ్చారు. "మీరేం దిగులుపడబాకండి రావుగారూ, మీ వంతు కూడా నేను లాగిచ్చేస్తాగా" అని పరబ్రహ్మం భరోసా ఇచ్చాడు.

ఆ రాత్రి పానకాలరావు భోంచేసి కూర్చున్నాడు. చేయాల్సిన పని ఏమీ లేదు. పడుకోవాలన్న బెంగ లేదు, పట్టదేమోనన్న బెంగ లేదు, చేతికి పట్టీ లేదు, తలకింద పెట్టుకోవడానికి తలగడ కూడా లేదు. నడుం వాలిస్తే నిద్రపోయినట్టు కాదు కదా అని వట్టి నేల మీద చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగాడు. క్రమశిక్షణ గల ఉద్యోగి కాబట్టి కళ్లు మూతపడకూడదని పట్టుదలగా ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయాడు. ఫ్యాను తిరుగుతూ ఉంది.

పొద్దున మాణిక్యం వచ్చేసరికి ఎండ కిటికీలోంచి ఆయన పొట్ట మీదికి ఎక్కింది. మనిషిలో ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ కంగారుగా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అప్పుడు ఆయన గురకపెట్టాడు. ఆ గురక విని ఆవిడ అక్కడే చతికిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత లేచి పాలవాడి నోరు మూయించింది, మిక్సీ ఆపింది, కూరలబ్బాయిని వీధి చివరికి తరిమింది. పానకాలరావు లేచి ఒళ్లు విరుచుకుని, "ఎంత బాగుందే" అన్నాడు. ఆ వెంటనే ఉత్తర్వు గుర్తొచ్చి ముఖం పాలిపోయింది. ఎవరికీ చెప్పొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కళ్లు తెరిచి ఉంచాలని ఎంత గట్టిగా అనుకుంటే అంత తొందరగా మూతలు పడిపోయేవి.

ఇదేదో కొత్త జబ్బేమోనని మాణిక్యం ఆయన్ని ఆదివారం డాక్టర్ సలీమా బేగం దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ మందుల చీటీ పక్కన పెట్టి, అసలు ఇది ఎట్లా మొదలైందని అడిగింది. పానకాలరావును ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అంతా చెప్పాడు, జ్వరం దగ్గర్నుంచి ఇన్‌ఛార్జి దాకా, చెప్పి ఉత్తర్వు కాపీ చేతికిచ్చాడు. అది చదివి డాక్టరమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టుకుని మరీ నవ్వింది.

"ఇన్నాళ్లూ మీరు రాత్రంతా నిద్రతో కుస్తీ పట్టారు. కుస్తీ పట్టేవాడికి నిద్రెట్లా వస్తుందండీ? కొంతమందికి మేమూ ఇదే చెప్తాం, పడుకుని కళ్లు మూయకుండా ఉండమని. కాకపోతే మేం కింద ముద్ర వెయ్యం" అంది.

ఆ తర్వాత నింపాదిగా కొన్ని సంగతులు చెప్పింది. రోజూ ఒకే వేళకు లేవమంది, పగలు కునుకు తీయొద్దంది, సాయంత్రం నుంచి కాఫీ టీలు వద్దంది. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి అవతలికి వెళ్లి, కళ్లు వాలినప్పుడే మళ్లీ రమ్మంది, గడియారం వంక చూడొద్దంది. మళ్లీ ఇబ్బంది పడితే సిగ్గుపడకుండా రమ్మంది. ఇది ఎంతోమందికి ఉండేదేనని, చెప్పుకోలేక దాచుకునేవాళ్లే ఎక్కువని అంది. పానకాలరావు మెట్లు దిగుతూ ఈల వేశాడు.

నెల గడిచేసరికి ఆయన చెంపలు నిండాయి. లారీలు నెల్లూరివి నెల్లూరికే వెళ్లాయి. అటు పరబ్రహ్మం పరిస్థితి అధ్వాన్నమైంది. రెండు చేతులకూ రెండు పట్టీలు, రెండు లక్ష్యాలు. సమీక్షలో ఆయన సొంత నిద్ర సంతృప్తికరమనీ, ఇన్‌ఛార్జి నిద్రలో లోటు ఉందనీ తేల్చారు. జీవితంలో మొదటిసారి ఆయన నిద్ర గురించి ఆలోచించాడు. అంతే, చెడింది. కాస్త కన్నంటుకోగానే ఇది నాదా, రావుగారిదా అని అనుమానం వచ్చి లేచి కూర్చునేవాడు. ఆఫీసులో నిద్ర పట్టక, తోచక, పని చేయడం మొదలుపెట్టాడు. ఎప్పుడో పోయాయనుకున్న ఫైళ్లన్నీ వెతికి బయటపెడుతుంటే, అవి పోయాయన్న ధీమాతో బతుకుతున్న ఆఫీసర్లు హడలిపోయారు.

ఆ హడలులోనే దైవాధీనం గారి చూపు పానకాలరావు మీద పడింది. నిద్రపోని మనిషి ముఖం అంత కళకళలాడటం ఏమిటి? ఆ మధ్యాహ్నమే నోటీసు వచ్చింది. ఇన్‌ఛార్జికి అప్పగించిన నిద్రను అనధికారికంగా, సొంత ప్రయోజనాలకు వాడుకున్నారని అభియోగం. విచారణాధికారి కూడా దైవాధీనం గారే, ఆ పోస్టుకు ఆయనే ఇన్‌ఛార్జి.

పానకాలరావు అబద్ధం ఆడలేని మనిషి. నిద్రపోయాననీ, రోజూ పోయాననీ, చాలా బాగుందనీ ఒప్పేసుకున్నాడు. ఇక మిగిలింది ఆ పోయిన నిద్ర ఎవరిదో తేల్చడం. సాక్షిగా పరబ్రహ్మాన్ని పిలిచారు. ఆయన ఎర్రబడ్డ కళ్లతో వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"ఎవరి నిద్ర ఎవరు పోయారో నాకు తెలీదు సార్. ఆయనది ఆయనకిచ్చేయండి. నాది నాకిప్పించండి" అని చేతులు జోడించాడు.

దైవాధీనం గారి మనసు కూడా కరిగింది. ఆయన కరిగినప్పుడే జాగ్రత్తగా ఉండాలి. శిక్ష వద్దనీ, పానకాలరావు నిద్రను పూర్తి గౌరవ మర్యాదలతో ఆయనకే తిరిగి అప్పగించాలనీ సిఫార్సు చేశారు. పట్టీ మళ్లీ కట్టాలి. ఇన్నాళ్లూ బకాయి పడ్డ లక్ష్యాన్ని సులభ వాయిదాల్లో అదనంగా నిద్రపోయి తీర్చాలి. పైగా ఆయన్ని ఆదర్శ నిద్రకుడిగా ప్రకటించి, సంస్థ వార్షికోత్సవంలో ప్రజల సమక్షంలో వేదిక మీద, మన చాప మీద నిద్రింపజేయాలి. విచారణ చూడ్డానికి వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. పానకాలరావుకు మళ్లీ ఆ పట్టీ, మళ్లీ ఆ మంచం, మళ్లీ ఆ సిగ్నల్ దగ్గర లైట్లు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

ఫైలు మీద ఇంకా ఎండీ గారి సంతకం కాలేదు. సర్వీసులో ఎన్నడూ లేని తెగువతో ఆయన పిలవకుండానే ఎండీ గారి గదిలోకి వెళ్లాడు. ఫైలు ఆవిడ ముందే ఉంది, కలం చేతిలో ఉంది.

"మేడమ్, మీకు దణ్ణం పెడతా. నా మీద నిషేధం ఎత్తెయ్యకండి" అన్నాడు.

ఆవిడ ఆశ్చర్యపోయి, ఎందుకని అడిగారు. ఆయన చెప్పాడు. జ్వరం, భయం, పట్టీ, వట్టి నేల, డాక్టరమ్మ చెప్పిన కుస్తీ మాట, అన్నీ దాచకుండా చెప్పాడు. నిద్రపొమ్మంటే తనకు రాదని, పోవద్దంటేనే వస్తోందని, ఇది పోతే మళ్లీ బతకలేనని మొరపెట్టుకున్నాడు. ఆవిడ ఫోను మోగినా ఎత్తలేదు. ఆయన ముగించాక కలానికి మూత పెట్టారు.

"మంచం చూస్తే భయం వేసేదా?" అని మెల్లిగా అడిగారు.

"వేసేది మేడమ్."

"నాకు ఈ సీట్లోకి వచ్చినప్పట్నుంచీ వేస్తోంది" అన్నారు ఆవిడ.

ఆవిడ సదస్సులన్నిటికీ వెళ్లింది అందుకేనట. నిలబడితే పడుతుందేమోనని నిలబడి చూశారు, నవ్వితే పడుతుందేమోనని నవ్వి చూశారు. తను ఒక్కతే చేస్తే బాగుండదని సిబ్బంది అందరి చేతా చేయించారు. డాక్టరుకు చూపించుకోలేదా మేడమ్ అని అడిగితే, చాపల సంస్థ ఎండీకి నిద్ర పట్టదని నలుగురికీ తెలిస్తే ఇంకేమైనా ఉందా అన్నారు. అప్పటిదాకా ఆవిడ మీద ఉన్న కోపమంతా పానకాలరావుకు ఎటు పోయిందో తెలియలేదు, జాలి మాత్రం మిగిలింది.

ఆవిడ దైవాధీనం గారి సిఫార్సును అడ్డంగా కొట్టేశారు. పట్టీలన్నీ విప్పి స్టోర్స్‌లో జమ చేయమని రాశారు. పరబ్రహ్మం నిద్ర పరబ్రహ్మానికి ఇచ్చేశారు. పానకాలరావు మీద నిషేధం మాత్రం యథాతథంగా కొనసాగుతుందని రాసి, కలం ఆపారు.

"ఇందులో నా పేరు కూడా చేర్చండి" అన్నారు.

పానకాలరావు నిబంధనలు తెలిసినవాడు. ఎండీ మీద ఉత్తర్వు ఇవ్వాలంటే పై అధికారి సంతకం కావాలని వినయంగా మనవి చేశాడు. పైవాళ్లకు చెబితే తను ఈ సీట్లో ఉండనని ఆవిడ అన్నారు. చివరికి ఆవిడ కుర్చీలోంచి లేచి పక్కన నిలబడి, ఈ విషయానికి మీరే ఇన్‌ఛార్జి అని కలం ఆయన చేతికిచ్చారు. పానకాలరావు ఎండీ గారి కుర్చీలో కూర్చుని, ఎండీ గారిని ఎట్టి పరిస్థితులలోను నిద్రించరాదని ఆదేశిస్తూ సంతకం చేశాడు. కింద డాక్టర్ సలీమా బేగం గారి చిరునామా కూడా రాసి, నలుగురూ చూస్తారన్న బెరుకుంటే తాను తోడొస్తానని చెప్పాడు. ఆ సాయంత్రం ఇద్దరూ వెళ్లారు. ఆవిడ వరసలో కూర్చుని తన వంతు వచ్చేదాకా ఆగారు.

వారం పైన ఒక రోజు పొద్దున ఆఫీసులో అలజడి మొదలైంది. ఎన్నడూ నిమిషం ఆలస్యం చేయని ఎండీ గారి కారు రాలేదు. దైవాధీనం గారు గేటు దగ్గరికీ గదికీ తిరిగి తిరిగి అలిసిపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళకు కారు వచ్చింది. ఆవిడ దిగారు. జడ సగం ఊడిపోయి ఉంది, కుడి చెంప మీద తుంగ చాప అచ్చు చక్కగా పడి ఉంది. ఎవరి నమస్కారమూ చూడకుండా, తనలో తాను నవ్వుకుంటూ గదిలోకి వెళ్లిపోయారు.

పానకాలరావు తన సీట్లో కూర్చుని నీటుగా ఒక నోటీసు రాసి, స్వయంగా తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాడు. అమలులో ఉన్న ఉత్తర్వును ఉల్లంఘించి నిద్రించినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో వివరణ ఇవ్వాలని అందులో ఉంది. ఆవిడ చదివారు. మళ్లీ చదివారు. నవ్వుతో కళ్లు తడిశాయి, చీర కొంగుతో తుడుచుకున్నారు.

"వివరణ ఏమని రాయమంటారు పానకాలరావు గారూ?" అని అడిగారు.

"ఏదైనా రాయండి మేడమ్. ఇకముందు ఇలాంటిది జరగదని మాత్రం రాయకండి" అన్నాడు ఆయన.